తీసుకోని బట్టలు

1997 మే 4, ఆదివారం

హరిప్రియ ఈ రోజు కారు నడిపింది. పోర్ట్ షెప్‌స్టన్ ఆసుపత్రి క్వార్టర్స్ గేటు నుంచి చెరకు తోటల మధ్య మట్టిరోడ్డు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి. పక్క సీట్లో క్రిష్ కూర్చుని నేర్పాడు. నేను పెరట్లో మిరప మొక్కలకు నీళ్ళు పెడుతూ చూశాను. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి ఆగలేదు.

దిగి వచ్చి "చూశావా వాసూ?" అంది. చూశానన్నాను.

మీసాలు రాకముందు నుంచి ట్రాక్టరు నడిపినవాణ్ణి. నన్నడిగితే నేనే నేర్పేవాణ్ణి. ఆ మాటంటే "నీకు ఇక్కడి లైసెన్సు లేదుగా, పట్టుకుంటే ఇద్దరికీ తంటా" అంటుంది. నిజమే. లైసెన్సు లేదు, జీతానికి పని చేసే హక్కూ లేదు. డాక్టరమ్మ భర్తగా ఉండొచ్చని నా పాస్‌పోర్టులో ముద్ర వేశారు. ఉంటున్నాను.

మే 7

క్రిష్ గురించి చెడ్డగా రాయడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఆలోచించాను. దొరకలేదు.

ఆసుపత్రి మందుల గదిలో పని. ముప్పై దాటి ఉండవు. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి, డర్బన్‌లో దిగి, ఇక్కడికి చెరకు కొట్టడానికి వచ్చాడట. క్రిష్‌కి తెలుగు మాటలు పది వస్తే గొప్ప. ఆ పదిలో ఒకటి బావ. నేను కనబడితే చాలు, "హౌజిట్, బావా" అంటాడు. ఎలా ఉన్నావు బావా అని. మా పల్నాడులో బావ అనాలంటే వరసైనా ఉండాలి, పరాచికమైనా ఉండాలి. అతనితో నాకు వరస లేదు. పరాచికాలాడేంత స్నేహమూ లేదు.

ఈ రోజు "వాసు బావ" అన్నాడు. నన్ను వాసు అని పిలిచేది హరిప్రియ ఒక్కతే. మా అమ్మ కూడా వాసుదేవరావనే పిలుస్తుంది.

మే 12

హరిప్రియకు కట్టిచ్చిన క్యారేజీ నిండుగా తిరిగొచ్చింది. క్రిష్ వాళ్ళమ్మ సరస్‌గారు అన్నం, చేపల పులుసు పంపిందట. "చల్లారిపోతుందని అదే తిన్నాను, నీదేం పాడవదులే" అంది. నేను చేసింది గుత్తివంకాయ. పాడవదు, నిజమే. రాత్రికి ఒక్కణ్ణే తిన్నాను.

మే 13

క్యారేజీ సగం తిరిగొచ్చింది.

మే 19

ఆసుపత్రి పెద్దాయన హరిప్రియను పిలిచి మాట్లాడాడట. ఇంకో మూడేళ్ళు ఉండమన్నారు. జూలై ఆఖరుకల్లా ఏదో ఒకటి చెప్పాలి.

"నువ్వేమంటావు?" అంది.

"చేను కౌలుకిచ్చి రెండేళ్ళయింది. వాడు మిర్చి వేసిన నేలలో మళ్ళీ మిర్చే వేస్తున్నాడు. నేల చచ్చిపోద్ది."

"నేల సంగతి కాదు, నీ సంగతి అడిగాను."

"నా సంగతీ అదే."

ఆమె సంగతి నేను అడగలేదు. ఉండాలనే చెబుతుందని తెలుసు. ఎందుకుండాలనుకుంటుందో చెప్పదని కూడా తెలుసు.

మా పెళ్ళయిన రోజు నుంచి వాళ్ళ నాన్న ఆమె పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. డాక్టరు చదివిన కూతురు ఇంటరు తప్పిన రైతును చేసుకుందని. ఈ ఆరేళ్ళలో ఒక పండక్కి పిలుపు లేదు, ఒక చీర ముక్క పెట్టింది లేదు. పెళ్ళయ్యాక గుంటూరు బస్టాండులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని "ఇక నాకు నువ్వొక్కడివే" అంది. ఏడుస్తూ అన్నమాటే. కానీ నాకు ఆ రోజు ఉన్నంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ లేదు.

జూన్ 1, ఆదివారం

ఉమ్‌జిమ్‌కులు నది ఒడ్డున సున్నపురాయి గుట్టలున్నాయి. అందులో ఒక గుహ ఉందట. చిన్న నడక, చంటిపిల్లలు కూడా నడిచేస్తారు అని క్రిష్ చెప్పాడట. హరిప్రియ, ఇద్దరు నర్సులు అతని బక్కీలో వెళ్ళారు. బక్కీ అంటే వెనక తొట్టి ఉన్న చిన్న బండి, ఇక్కడ అందరికీ ఉంటుంది. నన్నూ రమ్మన్నారు. పని ఉందన్నాను. ఏం పని అని ఎవరూ అడగలేదు.

అయినా గుత్తికొండ బిలం చూసినవాడికి ఇక్కడి గుహలో చూడాల్సిందేముంది.

పొద్దు వాలాక వచ్చింది. మొహం కడుక్కోకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"లోపల ఎంత చల్లగా ఉందో వాసూ. పైనుంచి రాళ్ళు కొవ్వొత్తులు కారినట్టు దిగాయి. మన గుత్తికొండలోలాగే. తొలేకాదశి జనంలో మనం అక్కడే కలిశామని క్రిష్‌కి చెప్పాను. ఒకటే నవ్వు."

"అతనికెందుకు అవన్నీ?"

"మీ వైపు ఇలాంటివి ఉన్నాయా అని అడిగాడు. చెప్పాను. తప్పా?"

తప్పని నేననలేదు. ఆ బిలంలో, చీకట్లో, ముందువాళ్ళు దీపంతో మలుపు తిరిగినప్పుడు మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అది కూడా చెప్పిందేమో అడగలేదు.

జూన్ 2

బట్టలు ఉతికేది నేనే. ఆమె నీలం స్వెటరు కుడి మోచేతి పైన తెల్లమట్టి మరక. మరక కాదు, చెయ్యి. నాలుగు వేళ్ళు విడివిడిగా తెలుస్తున్నాయి. మగవాడి చెయ్యి. నా చెయ్యి ఆనించి చూశాను. నా వేళ్ళకంటే పొడుగు.

స్వెటరు పక్కన పెట్టి మిగతావి ఉతికాను.

జూన్ 5

స్వెటరు ఉతకలేదు. ఇక్కడ జూన్‌లోనే చలి మొదలైంది.

జూన్ 9

ఇంకా ఉతకలేదు. ఆమె అడగడం లేదు. అడక్కపోవడమే జవాబేమో.

జూన్ 11

"నా నీలం స్వెటరేదీ" అని అడిగింది. బుట్ట అడుగున ఉందని చెప్పాను. తీసి చూసి, "అయ్యో, ఇది ఉతకనే లేదా" అని తనే బకెట్లో నానేసింది. మరక వైపు చూసింది కానీ ఏమీ అనుకున్నట్టు లేదు. సబ్బు పెట్టి నాలుగు రుద్దులు రుద్ది పిండేసింది. అంత తేలిగ్గా రుద్దిందంటే ఏమీ లేకన్నా అయ్యుండాలి, నేను చూస్తున్నానని తెలిసన్నా అయ్యుండాలి.

తీగ మీద ఆరేశాక, చెరకు కోతకు ముందు తోట తగలబెట్టిన నల్ల బూడిద గాలికొచ్చి దాని మీద పడింది. మళ్ళీ నేనే ఉతికాను.

జూన్ 22

అడిగేశాను. అన్నం తింటుంటే, ఏదో మాట మధ్యలో వచ్చినట్టు.

"క్రిష్ నీకేమవుతాడు?"

ఆమె నవ్వింది. "తమ్ముడవుతాడు."

"ఎప్పటినుంచి?"

"వాళ్ళమ్మ నన్ను కూతుర్ని పిలిచినట్టు అమ్మీ అన్నప్పటినుంచి. అతను నిన్ను బావ అనేది ఎందుకనుకున్నావు?"

పెరుగు కలుపుకున్నాను. అన్నలు, తమ్ముళ్ళు అనే మాటల చాటున ఏమేం నడిచాయో మా ఊళ్ళో చూశాను. అందరూ అలాగే ఉంటారని కాదు. చూశాను, అంతే.

జూలై 6, ఆదివారం

సరస్‌గారింటికి భోజనానికి వెళ్ళాం. హరిప్రియే నడిపింది. నేను పక్కన కూర్చున్నాను.

రేకుల ఇల్లు, వెనక అరటి తోట. సరస్‌గారికి అరవై ఉంటాయి. భర్త డర్బన్ దగ్గర మొబేనిలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేసి పోయాడు. ఆమె మాట్లాడేది తెలుగే, కానీ ఆ తెలుగు ఓడ దిగినప్పుడు ఎంత ఉందో అంతే ఉండి, తరవాత ఇక్కడి మాటలు కలిసింది.

"రా నాయన, లోపల రా. ఏటి అంత సన్నం ఉన్నావ్? మా అమ్మి వండదా?"

"వండేది నేనేనండి."

"హౌ." నోటి మీద చెయ్యి వేసుకుంది. "మగోడు వండతాది? అందుకే సన్నం."

క్రిష్ నవ్వాడు. హరిప్రియ అతనికంటే ఎక్కువ నవ్వింది. ఆ ఇంట్లో ఆమె అడక్కుండానే గ్లాసులు ఎక్కడున్నాయో చూసి తెచ్చుకుంది. ఉప్పు డబ్బా మూత ఎటు తిప్పితే వస్తుందో తెలుసు. నాకు మంచినీళ్ళిచ్చి, వంటింట్లో పీట మీద కూర్చుని సరస్‌గారితో చిక్కుళ్ళు ఒలిచింది. ఆమె అలా నేల దగ్గరగా కూర్చుని కబుర్లు చెప్పడం మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

భోజనాల తరవాత సరస్‌గారు అసలు సంగతి చెప్పింది.

"ఈ నెల లాస్ట్ సండే గంగమ్మ ప్రేయర్. ఆ గుహలోనే. మా తాతలు అక్కడ సున్నం కాల్చినప్పుడు అమ్మవారి రాయి పెట్టింది. ఏడాదికి ఒకసారి ఘటం తీసుకుపోవాల. ఘటం ఇంటి ఆడపడుచు నెత్తిన పోవాల. కోడలు మొయ్యరాదు. మా ఆయన చెల్లెలు ఉన్నన్నాళ్ళు అది మోసింది. అది చచ్చిపోయినాక మనిషి లేదు. నేనే మోసింది, తప్పే అయినా. ఇప్పుడు అమ్మి ఉంది."

"ఎప్పటినుంచో జరుగుతోందా?" అన్నాను, ఏదో ఒకటి అడగాలని.

"ముందంతా గేటు కాడే నాయన. ఆ తెల్ల ఫార్మరు తాళం వేసింది. గేటు కాడ ఘటం దించి, లోపల దిక్కు దండం పెట్టి, ఇంటికి వచ్చేది. మూడేళ్ళ కింద అందరికి ఓటు వచ్చినాక తాళం తీసింది."

తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగాను. "ముందే ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నాను."

"నాకొక్క మాట చెప్పకుండా?"

"చెబితే ఏమంటావు?"

చెరకు లారీ ఒకటి ఎదురొచ్చింది. ఆమె తడబడకుండా పక్కకు తీసింది. బాగా నేర్పాడు.

జూలై 16

తొలేకాదశి. ఆమెకు గుర్తుందేమోనని సాయంత్రం దాకా చూశాను. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు నొప్పులని పడుకుంది.

జూలై 20

"నీ చొక్కా సైజెంత ఇప్పుడు?" అని అడిగింది. చెప్పాను. ఎందుకంటే ఊరికే అంది. నా పుట్టినరోజు వచ్చే నెల. మనిషి పైకి అలా ఉంటుంది కానీ మర్చిపోదు. ఈ మధ్య రాసినవన్నీ ఎక్కువ రాశాననిపించింది.

జూలై 27, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

బక్కీ గేటు దగ్గర ఆపాం. మేము అయిదుగురం. సరస్‌గారు, క్రిష్, హరిప్రియ, నేను, డర్బన్ వైపు మెరీబ్యాంక్ నుంచి వచ్చిన అప్పలస్వామి. ఆయన సరస్‌గారికి చినమామగారు. కోటు వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. గేటు దగ్గర ఖుమాలో అనే మనిషి కలిశాడు. ఆ గుట్ట కిందే అతని గుడిసెలు, ఆవులు. ఏటా వీళ్ళ గంజి తాగడానికి వస్తాడట.

నడక నిజంగానే చిన్నది. ఎండిన గడ్డి మధ్య కాలిబాట. రాళ్ళ పక్కన కలబంద జాతి మొక్కలు ఎర్రటి కంకులు వేసి ఉన్నాయి. హరిప్రియ పసుపు చీర కట్టుకుని, వేపమండలు చుట్టిన కుండ నెత్తిన పెట్టుకుని, చెప్పులు లేకుండా ముందు నడిచింది. కుండలో పులిసిన జొన్నపిండి గంజి. మెడ కదలకుండా నడుస్తోంది. ఎక్కడ నేర్చుకుందో.

అప్పలస్వామికి ఆయాసం. ఆగినప్పుడల్లా క్రిష్‌ని తిట్టాడు.

"సెల్లు పోను ఉంది, బండి ఉంది, నాకు ఒక కుర్చీ తేవడం తెలీదు గాడిదకి."

"తాతా, పది నిమిషాల నడక ఇది" అని క్రిష్ ఇంగ్లీషులో అన్నాడు.

"నీకు పది. నా కాలుకి చెప్పు ఆ మాట."

గుహ ముందు ఒక రాతి గట్టు ఉంది. నీళ్ళు కారి సున్నం పేరుకుని తెల్లగా, సబ్బులా జారుతుంది. క్రిష్ ముందెక్కి, తడిసిన రాతికి ఒక చెయ్యి ఆనించుకుని, రెండో చేత్తో ఒక్కొక్కరినే పైకి లాగాడు. హరిప్రియకు రెండు చేతులూ కుండ మీద ఉన్నాయి కాబట్టి మోచెయ్యి పట్టుకున్నాడు. సరస్‌గారికీ మోచెయ్యే. అప్పలస్వామిని లాగుతుంటే "మెల్లగారా, చెయ్యి అరటి గెల కాదు" అన్నాడాయన. ఆఖరున నేను.

"రా బావా."

పైకెక్కాక చూసుకున్నాను. నా కుడి చొక్కా చేతి మీద తెల్లగా నాలుగు వేళ్ళు. ముసలాయన కోటు మీద అవే వేళ్ళు. సరస్‌గారి శాలువా మీద అవే. హరిప్రియ జాకెట్టు అంచు కింద, చర్మం మీద అవే.

అప్పుడు నా మనసు తేలికపడాలి. పడలేదు. రెండు నెలల నుంచి నాకు ఆనుకోవడానికి ఒకటుండేది, అది పోయింది.

గుహ వాకిలి మనిషెత్తు ఉంది. లోపల నుంచి చల్లటి గాలి, తడిసిన సున్నం వాసన. మా ఊరి బట్టీల దగ్గర వచ్చే వాసనే. సరస్‌గారు కొబ్బరికాయ కొట్టింది. తరవాత సంచిలోంచి పళ్ళెం తీసింది. అందులో ఆకుపచ్చ చీర, గాజులు, పసుపు, కుంకుమ. హరిప్రియ కుండ దించి, పమిట పట్టి అందుకుంది. వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టి, లేవడానికి కొంచెంసేపు పట్టింది. ఆరేళ్ళ తరవాత ఆమెకు ఒకరు చీర పెట్టారు.

పళ్ళెంలో ఇంకా ఉంది. పంచె, మడత విప్పని చొక్కా. నా సైజు.

"తీసుకో నాయన. అల్లుడు బట్ట. కట్టుకుని, దీపం పట్టి, నువ్వు ముందు పోవాల. నీ ఎనక ఘటం."

అల్లుడు బట్టలు తీసుకుంటే ఏమవుతుందో మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఇల్లు ఆమె పుట్టిల్లు అయినట్టే. అలిగితే వెళ్ళడానికి ఒక గడప. నా మీద చెప్పుకోవడానికి ఒక తల్లి, అడగడానికి వచ్చే ఒక తమ్ముడు. ఇక నేనొక్కణ్ణే కాదు.

"వద్దండి" అన్నాను. "నాకివి అలవాటు లేదు. మీరు కానివ్వండి."

క్రిష్‌కి తెలుగు అందలేదు కానీ పళ్ళెం ఆగిపోవడం చూశాడు. "సైజు కాదా బావా? రసీదుంది, మార్చేస్తారు" అన్నాడు ఇంగ్లీషులో. నిజంగానే అడిగాడు.

"అల్లుడు బట్ట వద్దంటాది?" అన్నాడు అప్పలస్వామి. "పొద్దున్నే తాగినాడా?"

"ఊరుకో మావా" అంది సరస్‌గారు. పళ్ళెం రాతి మీద పెట్టింది. ఆమె చేతులు పట్టుకోవడానికి ఏమీ లేక కాసేపు ఊరికే ఉన్నాయి.

హరిప్రియ నా వైపు చూడలేదు. కుండ నెత్తికెత్తుకుని "పదండి, దించి ఎక్కువసేపు ఉంచకూడదన్నారుగా" అంది. దీపం క్రిష్ పట్టుకున్నాడు. ఆ వెలుగు గోడల మీద పచ్చగా పాకి, మలుపు దగ్గర సన్నమై, పోయింది. కుండకు కట్టిన గజ్జెల చప్పుడు ఇంకాసేపు వినబడింది.

బయట నేను, ఖుమాలో. అతను పైపు వెలిగించుకుని ఇంగ్లీషులో అడిగాడు.

"నిన్ను లోపలికి రానివ్వలేదా?"

"లేదు" అన్నాను.

"పెళ్ళాం వాళ్ళకి ఆవులు ఇంకా ఇవ్వలేదన్నమాట." వాళ్ళలో అల్లుడు అత్తవారికి ఆవులిచ్చుకోవాలట.

"అంతే."

"ఇచ్చెయ్యి. నేను కూడా నాలుగేళ్ళు అత్తగారి గడప బయటే కూర్చున్నాను. గడప బయట చలేస్తుంది."

వాళ్ళు బయటికి రాకముందే నేను దిగి బక్కీ దగ్గరికి వచ్చేశాను. దిగేటప్పుడు ఆ గట్టు మీద జారి పడ్డాను. ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక ఆమె చీర మార్చుకోకుండా మంచం మీద కూర్చుంది. చాలాసేపటికి అంది.

"నువ్వు అనుమానపడుతున్నావని తెలుసు. దానికి నేను బాధపడలేదు. వచ్చి చూస్తే అదే పోతుందనుకున్నాను."

"పోయింది" అన్నాను.

"పోయాకే వద్దన్నావా?"

చొక్కా చేతి మీది తెల్లమట్టి దులుపుకున్నాను.

"నన్ను వేరే ఎవరి గడపా తొక్కనివ్వనన్నది ఇదివరకు మా నాన్న. ఆయనకీ నీకూ తేడా ఏమిటా అని ఆ గుహలో ఉన్నంతసేపూ వెతుక్కున్నాను వాసూ."

దొరికిందో లేదో చెప్పలేదు.

జూలై 28

ప్రియుడైతే కొట్లాడేవాణ్ణి. తమ్ముణ్ణి ఏం చెయ్యను?

జూలై 29

క్యారేజీ ఖాళీగా వచ్చింది. తిన్నదో, ఎవరికైనా పెట్టిందో.

జూలై 31

మూడేళ్ళకు సంతకం పెట్టి వచ్చింది.

"నేను ఉంటున్నాను" అంది. "నిన్ను పొమ్మనడం లేదు. ఉండమని కాళ్ళు కూడా పట్టుకోను. చేను చూసుకోవాలంటే చూసుకో."

"విత్తనాల సమయం. వెళ్ళాలి" అన్నాను.

"సరే."

డర్బన్‌లో ఏజెంటుకు ఫోను చేశాను. పదో తారీకుకు బొంబాయి దాకా సీటుందన్నాడు. ఉంచమన్నాను. ఫోను పెట్టేసి చూస్తే ఆమె గుమ్మంలో నిలబడి వింటోంది. రేపు తను నైటు డ్యూటీ అని చెప్పి వెళ్ళింది.

ఆగస్టు 2

నా బట్టలు సర్దాను. పెట్టె సగం కూడా నిండలేదు.

ఆగస్టు 3, ఆదివారం

ఆమె సరస్‌గారింటికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు. రమ్మంటే పని ఉందని చెప్పేవాణ్ణి. ఆమె వచ్చేదాకా కారు చప్పుడైనప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్ళాను. మా నాన్నగారు పోయినప్పుడు కూడా ఇల్లు ఇంత ఖాళీగా లేదు.

వాళ్ళ నాన్న కూడా ఇలాగే కిటికీ దగ్గర నిలబడ్డాడేమో ఎవరికి తెలుసు. ఆయన గురించి నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. ఆలోచించాలనీ లేదు.

ఆగస్టు 5

పొద్దున ఆమె వెళ్ళాక షేర్ టాక్సీ ఎక్కి సరస్‌గారింటికి వెళ్ళాను. క్రిష్ ఆసుపత్రిలో ఉంటాడని చూసుకునే వెళ్ళాను.

ఆమె పెరట్లో అరటి పిలకలు తవ్వుతోంది. పార తీసుకోబోతే ఇవ్వలేదు.

"ఏటి, ఒక్కడివే? అమ్మి బాగుందా?"

"బాగుందండి."

"కూచో. టీ పెడతాది."

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. టీ తాగాను. ఆమె నా ఎదురుగా కూర్చుని గోళ్ళలో మట్టి తీసుకుంటోంది. తొందరపెట్టలేదు.

"ఆ రోజు బట్టలు" అన్నాను.

"లేదు నాయన. ఖుమాలోకి ఇచ్చింది. అమ్మవారి ముందు పెట్టింది వెనక్కి ఇంటికి తేరాదు. చొక్కా పట్టింది వాడికి. పంచె ఏం చేస్తాడో తెలీదు." ఆమెకు నవ్వొచ్చింది. "దూడకి కప్పినాడట."

నేనూ నవ్వాను.

"ఇంకో జత..."

"రాదు." గట్టిగానే అంది. "మధ్యలో పెట్టరాదు. ఏడాదికి ఒకసారే. గుహ కాడే. నువ్వు వద్దంది అమ్మవారు చూసింది, మళ్ళీ తీసుకునేది కూడా అమ్మవారు చూడాల. వచ్చే ఆషాఢం పెడతాది. ఉంటావా అప్పటిదాకా?"

పదో తారీకు సీటు సంగతి ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది.

"మా చేను కౌలువాడు పాడు చేస్తున్నాడండి" అన్నాను.

"చేను ఎక్కడికీ పోదు. మా తాతలది కూడా ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. మనిషే పోతాది."

"మీకు నా మీద కోపం లేదా?"

"ఉంది. చాలా ఉంది. మా అమ్మి ఆ గుహలో ఏడుపు మింగింది, నేను చూసింది. చెంప మీద కొట్టాలనుంది నీకు. అల్లుడు అయితే కొట్టరాదు, అల్లుడు కాకుంటే ఇంట్లో టీ ఇయ్యరాదు. ఏటి చెయ్యను నేను?"

కప్పు ఖాళీ అయింది. అడక్కుండానే ఇంకో కప్పు పోసింది. తాగాను.

సాయంత్రం హరిప్రియ వచ్చేసరికి నేను వంటింట్లో ఉన్నాను.

"మధ్యాహ్నం ఫోను చేశాను, తియ్యలేదు. ఎక్కడికెళ్ళావు?"

"మీ అమ్మగారింటికి."

సంచి ఇంకా ఆమె భుజానే ఉంది. "ఏ అమ్మ?"

"పోర్ట్ షెప్‌స్టన్‌లో నీకెంతమంది అమ్మలున్నారు?"

ఆమె దగ్గరికి రాలేదు. ముందు గదిలోకి వెళ్ళి ఫోను తిప్పింది. తెలుగులో మెల్లగా మాట్లాడింది, వాసు అన్న మాట రెండుసార్లు వినబడింది. తరవాత ఫోను క్రిష్ తీసుకున్నట్టున్నాడు, ఇంగ్లీషులోకి మారింది. అతనేమన్నాడో, గట్టిగా నవ్వింది. నాతో అలా నవ్వి చాలా రోజులైంది. ఆ నవ్వు ఎంతసేపుంటుందో వింటూ కూర మాడబెట్టాను.

పొద్దున్నే ఏజెంటుకు ఫోను చేసి ఆ సీటు వద్దని చెప్పాలి. హరిప్రియకు తరవాత చెబుతాను. ఇప్పుడే చెబితే రాత్రికే క్రిష్‌కి తెలిసిపోతుంది.